అడ్డకమ్మీ కింద అంకెలు

మా ఆయన ఆ జీపును ఏడాదిపాటు విప్పాడు, రెండేళ్ళపాటు బిగించాడు. ఇటుకబట్టీ వెనకాల కోళ్ళు కాపురం పెట్టిన దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన రోజున మా అత్తయ్య వాకిట్లో నిలబడి, "ఒరేయ్, కోళ్ళను కూడా ఇచ్చారా, ఉత్త గూడే అంటగట్టారా?" అని అడిగింది. అప్పటికి దానికి కాళ్ళు పెట్టుకునే రేకు లేదు, సీట్లు లేవు, ఇంజను బిగుసుకుపోయి బండరాయిలా ఉంది. రోజూ కాస్త కిరసనాయిలు పోస్తూ, రోజూ పానా పట్టి తిప్పి చూస్తూ ఉంటే, ఇరవై మూడో రోజు పొద్దున అది కిర్రుమని ఒక్క అంగుళం కదిలింది. మా ఆయన నోట్లో పళ్ళబ్రష్షుతోనే ఇల్లంతా గెంతులేశాడు. అత్తయ్య వయసుకు దాదాపు దగ్గరగా ఉన్న బండి అది. వెనక చక్రాలు బురదలో జారితే ముందు చక్రాలు కూడా పట్టి లాగే రకం. ఇప్పుడు ముదురాకుపచ్చ రంగులో, నేను కుట్టిన కాన్వాసు పైకప్పుతో, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు వాకిట్లో కూర్చుంది.

అది ఆ రోజే అమ్ముడుపోవాలి. రేపంటే కుదరదు.

ఎందుకంటే రేపు పొద్దున ఆరింటికి బస్సు. రెండు రోజుల ప్రయాణం దూరంలో, ఓడలు బాగుచేసే కార్ఖానాలో మా ఆయనకు ఉద్యోగం వచ్చింది. పది నెలలు అక్కడ, రెండు నెలలు ఇక్కడ. జీపు అమ్ముడైతే ఆ డబ్బుతో ఊరి చివర మూతపడ్డ రంపపు మిల్లు షెడ్డు తీసుకుని, ఇలాంటి పాత బండ్లు బాగుచేసే పని సొంతంగా పెట్టుకుంటాం. అమ్ముడవకపోతే బస్సు. ఆ షెడ్డు కోసం కూడా మధ్యాహ్నం పన్నెండు వరకే గడువు. ఉల్లిపాయలు నిలవ చేసుకుంటామని ఇంకెవరో అడుగుతున్నారని మిల్లు ఆసామి ముందురోజే కబురు పెట్టాడు. మా ఆయన ఇనప్పెట్టె సర్దేసి గది మూల పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. మా పిల్లకు రెండున్నరేళ్ళు. పది నెలల తరవాత వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడితే, నా వెనక దాక్కుని "ఎవరే?" అని అడుగుతుందేమో.

పిల్లను మేము పిడుగు అంటాం. ఆ పొద్దున పిడుగు చేతిలో చెంచా కనబడ్డా నా పైప్రాణాలు పైనే పోయాయి. చెంచాతో రంగు మీద గీస్తే? బిస్కెట్టు సీటు మీద పూస్తే? బానెట్టు మూడుసార్లు తుడిచాను. నాలుగోసారి గుడ్డ పట్టుకుంటే మా ఆయన నవ్వాడు.

"ఇంకోసారి తుడిస్తే కింద ప్రైమరు బయటికొస్తుందే."

"వచ్చేవాళ్ళకు దుమ్ము కనబడితే?"

"ఆవిడ పశువుల డాక్టరు. రోజంతా పేడలోనే తిరుగుతుంది. మన దుమ్ము చూసి ఏమీ అనుకోదులే."

సరిగ్గా పదింటికి వచ్చింది డాక్టరమ్మ. యాభై దాటిన మనిషి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, మెళ్ళో తాడు కట్టిన కళ్ళజోడు. కొండల మీద పశువుల శిబిరం పెట్టి నెల రోజులు అక్కడే ఉంటుందట. ఆ రోజే బయల్దేరాలి. ఆమె పాత కారు ఆ దారులు ఎక్కలేక చేతులెత్తేసిందట. వెంట వాళ్ళ అన్నగారు వచ్చారు. బండ్లు రిజిస్టరు చేసే ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. చంకలో ఫైలు, జేబులో భూతద్దం.

డాక్టరమ్మ వస్తూనే బండి చుట్టూ ఒక్కసారి తిరిగింది. చక్రం మీద అరచేత్తో తట్టింది, గేదె డొక్క మీద తట్టినట్టు. "తాళం ఇవ్వు బాబూ" అంది.

మా ఇంటి వెనక కంకర తవ్వి వదిలేసిన గుంట ఉంది. అందులో ఒక పక్క నీళ్ళు, ఒక పక్క నిట్టనిలువు గట్టు. మా ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె తిన్నగా అందులోకే దించింది. నేను పిడుగును చంకనేసుకుని గోడ దగ్గరికి పరిగెత్తాను. బండి నీళ్ళలోకి వెళ్ళింది. బురద రెండు వైపులా రెక్కల్లా లేచింది. వెనక చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయి. "అయిపోయింది" అనుకున్నాను. అప్పుడు మా ఆయన గొంతు గట్టిగా వినబడింది: "చిన్న రాడ్డు ముందుకు తోయండి మేడం! ఇప్పుడు!"

ముందు చక్రాలను కూడా ఇంజనుకు కలిపే రాడ్డు అది. అవి పట్టు దొరకబుచ్చుకున్నాయి. బండి ఒక్క ఊపు ఊగి, గట్టు మీదికి మూతి పెట్టి, అలా అలా అలా పైకి పాకింది. పిడుగు "నాన్నా, నాన్నా" అని నా జుట్టు పట్టి ఊపేస్తోంది. నేను కూడా అరిచాననుకుంటా, ఎందుకంటే పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ కళ్ళజోడు నిండా బురద చుక్కలు. "అన్నయ్యా, ఇది బండి కాదు, మేక! ఇంకో మాట లేదు. తీసుకుంటున్నాను."

అత్తయ్య లోపలి నుంచి టీ గ్లాసులు పట్టుకొచ్చింది. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇంజను మొదటిసారి కదిలిన రోజున చూసిన చూపు.

"ఆగమ్మా" అన్నారు పెద్దాయన. ఫైలు తెరిచి, బండి పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, భూతద్దం తీశారు. "బండి నంబరు ఎక్కడుంది బాబూ?"

"వెనక రాసి ఉంది కదండీ."

"అది జనం చదువుకోవడానికి. కంపెనీవాడు ఇనప చట్రం మీద అచ్చు గుద్దిన నంబరు కావాలి. అదీ, పుస్తకంలోదీ ఒకటైతేనే బండి మా చెల్లెలి పేరు మీదికి మారుతుంది. ముందు రేకు ముక్క మీద కూడా ఉండాలే?"

"ఆ రేకు మేం తెచ్చేటప్పటికే లేదండీ. నాలుగు మేకుల బొక్కలు మాత్రం ఉన్నాయి."

"సరే, చట్రం మీద చూపించు."

మా ఆయన టార్చి తీసుకుని కిందికి దూరాడు. చాలాసేపు కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. బయటికొచ్చి టార్చి ఆర్పేశాడు.

"కనబడటం లేదండీ. అంతా... అద్దంలా ఉంది."

"అద్దంలా ఉందా?" పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. "కడుపు కింద కూడా నున్నగా చెయ్యమని ఎవరు చెప్పారయ్యా నీకు? గ్రైండరు చక్రం పెట్టి అరగదీశావా, పుట్టీ పెట్టి పూడ్చావా?"

"తుప్పు ఎక్కువున్న చోట అరగదీశానండీ. మిగతాది పూడ్చాం. ఏది ఎక్కడో..." మా ఆయన నుదురు తుడుచుకుంటే నుదుటి మీద గ్రీసు గీత పడింది.

"పూడ్చి ఉంటే బయటికి తీయొచ్చు. అరగదీసి ఉంటే మాత్రం ఆ నంబరును ఇంక దేవుడు కూడా తిరిగి రాయలేడు. నంబరు లేని బండి దొంగబండి కాదని నేనెలా చెప్పను? నా చెల్లెల్ని రేపు ఎవరో నడిరోడ్డు మీద ఆపితే?"

"మావాడు చిన్నప్పుడు పలక కూడా ఇంతేనండీ" అంది అత్తయ్య, వాతావరణం తేలిక చేద్దామని. "మేష్టారు వేసిన మార్కులతో సహా నున్నగా తుడిచేసి ఇంటికొచ్చేవాడు."

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "పన్నెండుకల్లా నేను బయల్దేరాలి. ఇది కాకపోతే దారిలో ఇంకో బండి చూస్తానని మాటిచ్చాను. నాకు ఇదే కావాలయ్యా. కానీ మా అన్నయ్య వద్దన్న కాగితం మీద నేను సంతకం పెట్టను."

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఎందుకంటే నాకు గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట చట్రం ఒక్కటే రేకుల పంచలో నాలుగు డ్రమ్ముల మీద ఉండేది. మా ఆయన పగలంతా బయట కూలిపనికి పోయేవాడు. నాకు పుట్టీ కలపడం, ఉప్పుకాగితం పట్టి రుద్దడం నేర్పి, "గుంట కనబడితే నింపెయ్, గుట్ట కనబడితే గీకెయ్" అని చెప్పి వెళ్ళేవాడు. నేను అలాగే చేశాను. ఒకరోజు చట్రం ముందు కొసన అడ్డంగా ఉండే అడ్డకమ్మీ కింద చిన్నచిన్న గుంటలు వరసగా కనబడ్డాయి, ఏదో పురుగు తీరిగ్గా కొరికినట్టు. ఎంత సంబరపడ్డానో! మా ఆయన కంటికి ఆనని గుంటలు నాకు దొరికాయని. వేలితో పుట్టీ అదిమి, ఎండనిచ్చి, మళ్ళీ అదిమి, నీళ్ళు చల్లి రుద్ది, గాజులా చేశాను. సాయంత్రం మా ఆయన చెయ్యి పెట్టి చూసి, "నాకన్నా నీ చెయ్యే నున్నన" అన్నాడు. నేను వారం రోజులు ఆ మాట తలుచుకున్నాను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తప్పంతా ఆయన ఖాతాలోకే పోతుంది. ఆయన కూడా నన్ను ఒక్క మాట అనడు, రేపు పొద్దున పెట్టె ఎత్తుకుని బస్సెక్కుతాడు.

"అరగదీయలేదు" అన్నాను. గొంతు నాకే పెద్దగా వినబడింది. "నేను పూడ్చేశాను. పుట్టీ పెట్టి. గుంటలనుకున్నాను."

అందరూ నా వైపు తిరిగారు. అత్తయ్య నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. ఆమె అలా మూయడం నేను కాపురానికొచ్చాక అదే మొదటిసారి.

"ఎక్కడో గుర్తుందా అమ్మా?" అన్నారు పెద్దాయన, ముందుకు వంగి.

"ముందు అడ్డకమ్మీ. కింది వైపు."

"అది మూడడుగుల కమ్మీ. అంతా గీకితే సాయంత్రం అవుతుంది."

కళ్ళు మూసుకున్నాను. పిడుగు అప్పుడు ఆరు నెలల పిల్ల. పంచ గుమ్మం పక్కన దూలానికి ఊయల కట్టి అందులో వేసేదాన్ని. చట్రం కింద పడుకుంటే తల తిప్పగానే ఊయల కనబడాలి. కనబడని చోట నేను పని చెయ్యలేదు. ఆ రెండో పక్కంతా మా ఆయనే చేసుకున్నాడు. బండి మూతి గోడ వైపు. ఊయల... నేను గాల్లో చేతులు తిప్పుతూ లెక్క కట్టుకుంటుంటే డాక్టరమ్మ చోద్యం చూస్తోంది.

"స్టీరింగు వైపు కొస" అన్నాను. "జానెడు లోపలికి."

మా ఆయన గీకే రేకు తీసుకుని కింద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. ఆ రంగు ఆరు పూతలు వేశాడు ఆయన. ఒక్కో పూత ఆరేదాకా వాకిట్లో ఈగను కూడా వాలనివ్వలేదు.

"ఇలా ఇవ్వండి" అన్నాను. "పూడ్చింది నేనే కదా."

వెనక నుంచి దూరాను. ఎందుకంటే బండికి వెనక వైపున్న గుమ్మంలో పిడుగు అత్తయ్య ఒళ్ళో ఉంది, నా కాళ్ళ సందులోంచి దాని పాదాలు కనబడుతున్నాయి. తల ముందుకు, కాళ్ళు వెనక్కి, వెల్లకిలా పాక్కుంటూ అడ్డకమ్మీ కిందికి చేరాను. రంగు కరిగించే థిన్నరులో ముంచిన గుడ్డ అదిమి పెట్టి, రేకు ఆనించి లాగాను. ఆకుపచ్చ రంగు చుట్టలు చుట్టుకుంటూ ముఖం మీద పడింది.

"మెల్లగా" అన్నాడు మా ఆయన పక్కనుంచి వంగి చూస్తూ. "మూల గుచ్చకు. పక్కకు లాగు. అబ్బా!"

"మీ తోలు కాదండీ, రంగు!"

"నా తోలయితే బాధపడను."

పచ్చది పోయి బూడిదరంగు ప్రైమరు, దాని కింద తెల్లటి పుట్టీ. గీకాను. ఉత్త ఇనుము. ఏమీ లేదు. బెత్తెడు పక్కకు జరిగి మళ్ళీ గుడ్డ పెట్టాను. మళ్ళీ రంగు, మళ్ళీ ప్రైమరు, మళ్ళీ పుట్టీ. ఈసారి రేకు దేనికో తట్టుకుని టిక్కుమంది. గోటితో తవ్వాను. పుట్టీ పొడి రాలి, ఇనుములో ఒక వంపు కనబడింది. గుండ్రటి వంపు, దాని పక్కన ఇంకో వంపు.

"ఉంది! ఉంది, ఉంది! నా పిన్నీసు ఎక్కడ, ఎవరైనా పిన్నీసు ఇవ్వండి!"

డాక్టరమ్మ తన సంచిలోంచి సూది తీసి అందించింది. ఆవులకు పొడిచే సూదట, నా వేలంత ఉంది. దాంతో ఒక్కో గుంటా తవ్వాను. నేను ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను కానీ అంకెలు నన్నెప్పుడూ భయపెట్టలేదు. ఆ పూట మాత్రం ఒక్కో అంకెనూ రెండేసిసార్లు తడిమి చూసుకున్నాను.

"చదవనా?"

"అయిదూ కనబడ్డాక ఒకేసారి చదువమ్మా" అన్నారు పెద్దాయన. "మధ్యలో నేను అవునూ కాదూ అనను. మా ఆఫీసులో పద్ధతి అది."

తుడిచాను. గట్టిగా చదివాను. "ఎనిమిది, సున్నా, ఆరు, ఒకటి, తొమ్మిది!"

పైన పుస్తకంలో కాగితం అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఏమైందండీ?"

పుస్తకం మూసిన చప్పుడు వినబడింది. "ఇందులో ఆరు, ఒకటి, తొమ్మిది, సున్నా, ఎనిమిది అని ఉంది తల్లీ. ఒక్కటంటే ఒక్కటి కుదరలేదు."

నేను కిందే ఉండిపోయాను. లేచి బయటికి రావాలనిపించలేదు. ఇటుకబట్టీ వాళ్ళు మాకు వేరే బండి పుస్తకం అంటగట్టారా? మూడేళ్ళూ ఎవరి బండినో తోముకున్నామా? మా ఆయన బూట్లు కదలకుండా అక్కడే ఉన్నాయి. ఆ బూట్లు రేపు బస్సెక్కుతాయి. కళ్ళలో పుట్టీ పొడి పడింది, అది మంచిదే అయింది.

"ఉండన్నయ్యా" అంది డాక్టరమ్మ. "మళ్ళీ చెప్పు. అవే అంకెలు కదూ? కాస్త అటూ ఇటూ..."

"అవే అంకెలైతే సరిపోతుందా? వరస ఉండొద్దూ?"

మాట పూర్తికాకముందే ముందు బంపరు కింద నుంచి రెండు చేతులు, తరవాత బురద కళ్ళజోడుతో ఒక తల లోపలికి వచ్చాయి. డాక్టరమ్మ వెల్లకిలా జారుకుంటూ వచ్చింది. ఆమె తల నా తలకు ఎదురుగా, నడినెత్తీ నడినెత్తీ ఢీకొనేంత దగ్గరగా ఉంది.

"టార్చి ఇటు పట్టమ్మా. ఊఁ." ఒక క్షణం ఆగింది. తరవాత ఆమె పొట్ట ఊగడం మొదలైంది. నవ్వు. "ఆరు! ఒకటి! తొమ్మిది! సున్నా! ఎనిమిది!"

"ఏంటీ?" అని పైన పెద్దాయన అరిచారు.

"ఈ పిల్ల తలకిందులుగా చదివింది అన్నయ్యా! వెనక నుంచి దూరింది! ఆరు తొమ్మిదైంది, తొమ్మిది ఆరైంది, ముందుది వెనకైంది! నువ్వే వచ్చి చూసుకో!"

"నేనా? ఈ నడుముతోనా?"

"రా, లేకపోతే ఈ బండి కొనలేకపోయిన పాపం నీ మీదే వేసేస్తాను!"

పెద్దాయన భూతద్దంతో సహా దూరారు. ముగ్గురం ఆ కింద ఇరుక్కుని ఉండగా పిడుగు అత్తయ్య ఒళ్ళోంచి జారి, ఇదేదో ఆటనుకుని నా కాళ్ళ మీదుగా పాక్కుంటూ వచ్చి పొట్ట మీద కూర్చుంది. "ఆరు" అన్నారు పెద్దాయన, ఒక్కో అంకెనూ పుస్తకంలో వేలితో పట్టుకుంటూ. "ఒకటి. తొమ్మిది. సున్నా. ఎనిమిది." ఆగి, "ముప్పై ఏళ్ళ సర్వీసులో పడుకుని నంబరు చూడటం ఇదే మొదలు" అన్నారు. "సరే. ఇప్పుడు నన్ను బయటికి లాగండి."

మా ఆయన పెద్దాయన కాళ్ళు పట్టి లాగాడు. తరవాత నన్ను లాగాడు. నా జుట్టు నిండా ఆకుపచ్చ చుట్టలు. అందరి ముందూ ఆయన వాటిని ఏరుతూ నిలబడ్డాడు. సిగ్గేసింది కానీ ఏరనిచ్చాను.

"గంట టైమివ్వండి మేడం, అక్కడ మళ్ళీ రంగు వేసేస్తాను."

"వెయ్యొద్దు!" అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అన్నారు.

"నూనె రాయి, చాలు" అంది డాక్టరమ్మ. "అది కనబడాల్సిందే."

సంతకాలు బానెట్టు మీదే అయ్యాయి. డబ్బు మా ఆయన చేతికొచ్చిన నిమిషంలోనే గదిలోంచి ఇనప్పెట్టె గొళ్ళెం తెరిచిన చప్పుడు వినబడింది. అత్తయ్య మాటా పలుకూ లేకుండా మడతపెట్టిన చొక్కాలన్నీ తీసి మళ్ళీ దండెం మీద వేసేస్తోంది.

"ఏమండీ, షెడ్డు!" అన్నాను. గడియారం పన్నెండుకు పది నిమిషాలు చూపిస్తోంది. మిల్లు మూడు మైళ్ళు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండిని ఇప్పుడే అమ్మేశాం.

మా ఆయన, నేను ముఖాలు చూసుకున్నాం. డాక్టరమ్మ కారులోంచి తన సామాను, తాళ్ళు జీపు వెనక పడేసి తాళం తిప్పింది. "ఎక్కండి, ఎక్కండి. నా బండిలో మొదటి సవారీ మీదే. అన్నయ్యా, నువ్వు మన కారులో ఇంటికి వెళ్ళిపో."

నేను ముందు కూర్చున్నాను, పిడుగును రెండు చేతులా కావలించుకుని. మా ఆయన వెనక కూర్చుని, "మేడం, మూడో గేరులో కాస్త పట్టేస్తుంది, చూసి వెయ్యండి" అంటూ దారంతా తన బిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు అప్పగింతలు చెబుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం పాడు రోడ్డు వదిలేసి పొలాల గట్టు మీదుగా అడ్డంగా తోలింది. గతుకు గతుకుకూ పిడుగు కేరింతలు. నాకు పడిపోతామని భయం, గడియారం భయం. అయినా నవ్వు ఆగలేదు.

మిల్లు ఆసామి షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పక్కనే ఉల్లిపాయల వాళ్ళు ఇద్దరు. ఇనప తలుపు పట్టాల మీద తుప్పు పట్టి బిగుసుకుపోయిందని ముగ్గురూ తోస్తున్నారు.

"ఆగండి!" అని మా ఆయన బండి ఆగకముందే దూకాడు. "అడ్వాన్సు తెచ్చాను. తీసుకోండి."

ఆసామి డబ్బు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "వీళ్ళు ముందు వచ్చారు. కానీ తలుపు తెరుచుకోకపోతే వద్దంటున్నారు. తెరిపించుకునే బాధ్యత నాది కాదు బాబూ, ముందే చెబుతున్నాను."

"తెరిస్తే మాకే ఇస్తారా?" నేనే అడిగేశాను.

"తెరిస్తే నీకే తల్లీ."

డాక్టరమ్మ అప్పటికే వెనక్కి తిప్పుతోంది. ఆవుల్ని కట్టే తాడు ఒకటి, నా చెయ్యంత లావుది, తీసి విసిరింది. మా ఆయన తలుపు కొక్కేనికి ఒక కొస, జీపుకు ఒక కొస కట్టాడు. "చిన్న రాడ్డు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. నాలుగు చక్రాలూ నేలను పట్టాయి. తాడు బిగిసింది. తలుపు మూలిగింది. కదల్లేదు. "ఇంకా!" అన్నాను. "ఇంకా, మేడం, ఇంకా!" ఇంజను గొంతు మారింది. ఎక్కడో లోపల ఏదో విరిగినట్టు ధడాలుమని చప్పుడై, తలుపు ఒక్కసారి అరిచి, పట్టాల మీద జరజరా జారి బార్లా తెరుచుకుంది. ఏళ్ళనాటి రంపపు పొట్టు అంతా మా కాళ్ళ మీదికి కుప్పగా ఒలికింది.

ఉల్లిపాయల వాళ్ళు తుమ్ముకుంటూ వెళ్ళిపోయారు. ఆసామి డబ్బు జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ తాడు చుట్టుకుని, పిడుగు బుగ్గ గిల్లి, "నెల తరవాత సర్వీసింగుకు వస్తాను, ఇక్కడికే" అని హారను కొడుతూ కొండల వైపు వెళ్ళిపోయింది.

మా ఆయన షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకు అడుగులు కొలుస్తున్నాడు. ఇక్కడ బండి కింద నిలబడి పనిచేసే గుంట, ఇక్కడ వెల్డింగు, ఇక్కడ రంగు గది, దుమ్ము రాకుండా కాన్వాసు తెర. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పిడుగు పొట్టులో నడుముదాకా దిగి పిడికిళ్ళతో ఎగరేస్తోంది. దాని కళ్ళలో పడుతుందని ఒక పక్క, మేకులుంటాయని ఒక పక్క, నేను వెనకే పరిగెడుతున్నాను.

"ఏమండీ, ఇంటికి ఎలా వెళ్తాం? మూడు మైళ్ళు, ఎండ, పిల్ల."

ఆయన కొలత ఆపి నా వైపు చూశాడు. గడ్డం నిండా పొట్టు.

"ఇప్పుడే ఎందుకు వెళ్ళడం?" అన్నాడు. "చీపురు ఎక్కడన్నా ఉందేమో చూడు."